ఎవరు పిలిస్తే వచ్చాయో చెప్పే పనిముట్లు: ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, ఆటోరన్స్

మా ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో, సముద్రానికి దగ్గరలో ఉంది. ఇక్కడ ఏ యంత్రం మొరాయించినా ముందు ఉప్పుగాలినే తప్పు పడతాం, చాలాసార్లు అది నిజం కూడా. అందుకే ఆరేళ్ల కిందట కొన్న మా ల్యాప్‌టాప్ ఏ పనీ చెప్పకపోయినా రోజంతా ఫ్యాన్ హోరుతో నడుస్తుంటే, బటన్ నొక్కిన తర్వాత మౌస్ మాట వినడానికి నాలుగు నిమిషాలు పడుతుంటే, మేమూ మొదట గాలినే అనుమానించాం. ఫ్యాన్ శుభ్రం చేయించినా హోరు తగ్గలేదు. నగరంలోని ఒక దుకాణానికి తీసుకెళితే అక్కడి అబ్బాయి ఐదు నిమిషాలు చూసి, "ర్యామ్ సరిపోవట్లేదు సార్. ఇంకో ఎనిమిది జీబీ వేసి, ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా అయిపోద్ది" అన్నాడు. ఆ మాట ఒప్పో తప్పో తేల్చుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ ఆధారం కోసం వెతుకుతూ చేరుకున్న రెండు ప్రోగ్రాముల గురించి, ఏడాది వాడకం తర్వాత, ఈ సమీక్ష రాస్తున్నాను.

ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, ఆటోరన్స్ అనే ఈ రెండూ విండోస్ కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో చూపించే సిస్‌ఇంటర్నల్స్ అనే పనిముట్ల కట్టలోవి. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు 1996లో మొదలుపెట్టిన ఈ పనిని 2006లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. అప్పటి నుంచి ఇవి ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతున్నాయి. సంగీతపు సీడీ పెట్టగానే కంప్యూటర్‌లోకి దొంగచాటుగా చేరి దాక్కునే సోనీ బీఎంజీ సాఫ్ట్‌వేర్‌ను 2005లో బయటపెట్టింది ఈ రసినోవిచ్చే. పిలవకుండా వచ్చి కూర్చునే ప్రోగ్రాములను పట్టుకోవడానికి ఈ పనిముట్లను నమ్మవచ్చని నాకు అనిపించడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణం. ఇన్‌స్టాల్ చేయవలసిన పని లేదు. జిప్ విప్పి, ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చాలు. దించుకునేటప్పుడు మాత్రం మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోవాలి, ఇదే పేరు చూపించి వేరొకటి అంటగట్టే సైట్ల జోలికి పోకూడదు.

విండోస్‌తో వచ్చే టాస్క్ మేనేజర్ చెడ్డదని నేను అనను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ ప్రోగ్రాం ఎంత ప్రాసెసర్‌ను, ఎంత మెమరీని, ఎంత డిస్క్‌ను వాడుకుంటోందో అది చక్కగా చెబుతుంది. అయితే ఆ ప్రోగ్రాం ఎవరు పిలిస్తే వచ్చిందన్న ప్రశ్నకు దాని మొదటి పేజీలో జవాబు దొరకదు, నేపథ్యంలో నడిచే ప్రాసెస్‌ల (అంటే నడుస్తున్న ప్రోగ్రాముల) విషయంలో అసలు ప్రశ్న అదే. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అన్నింటినీ వంశవృక్షంలా గీసి చూపిస్తుంది. పిలిచినది పైన, దాని పిల్లలు కొంచెం లోపలికి జరిగి కింద ఉంటాయి. కొత్తగా పుట్టినది క్షణకాలం ఆకుపచ్చగా, పోతున్నది ఎర్రగా మెరుస్తుంది.

ఆ మెరుపే మా ఇంటి దొంగను పట్టిచ్చింది. మొదటి రోజు సాయంత్రం ఊరికే చూస్తూ కూర్చుంటే, కొద్ది నిమిషాలకు ఒకసారి ఒకే పేరు ఆకుపచ్చగా వచ్చి, ప్రాసెసర్‌ను కాసేపు నమిలి, ఎర్రబడి పోతోంది. టాస్క్ మేనేజర్‌లో దాన్ని నేను ఎన్నిసార్లు ముగించానో లెక్క లేదు, ముగించిన ప్రతిసారీ తిరిగి వచ్చేది. ఈసారి ముగించకుండా అది ఎవరి కింద పుడుతోందో చూశాను. ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ ప్రాసెస్ కింద పుడుతోంది. ఎస్‌వీసీహోస్ట్ పేరు మీద మౌస్ ఆనిస్తే, లోపల నడుస్తున్న సర్వీస్ (తెర వెనుక పనిచేసే ప్రోగ్రాం) టాస్క్ షెడ్యూలర్ అని చిన్న పెట్టెలో కనిపించింది. అంటే ఎవరో దీనికి ముహూర్తాలు రాసిపెట్టి వెళ్లారన్నమాట. ఆ వచ్చిపోయే ప్రాసెస్ పేరు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే ఫైలు ఉన్న ఫోల్డరు దారి కనబడింది. అది మేము రెండేళ్ల కిందటే పాతసామాన్లకు వేసేసిన ప్రింటర్ తాలూకుది! ప్రింటర్ ఇల్లు వదిలి పోయింది కానీ, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం లేని ప్రింటర్‌ను వెతుక్కుంటూ ఇన్నాళ్లూ మా ల్యాప్‌టాప్‌ను నిద్రపోనివ్వలేదు. ఆ తయారీదారు పేరు ఇక్కడ అవసరం లేదు. వస్తువు పోయినా వెళ్లని ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఎన్ని ఇళ్లలో ఉందోనన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ ఉంది.

ర్యామ్ సంగతి తేల్చుకోవడం ఇంకా తేలికైంది. కంట్రోల్, ఐ మీటలు నొక్కితే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కిటికీ తెరుచుకుంటుంది. కంప్యూటర్ నత్తనడక నడుస్తున్న వేళ కూడా ఎనిమిది జీబీలో దాదాపు మూడు జీబీ ఖాళీగానే ఉంది. అదే సమయంలో టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి నూటికి నూరు శాతం దగ్గర ఎర్రగా నిలిచిపోయింది. మాది తిరిగే పళ్లెంతో పనిచేసే పాత రకం హార్డ్ డిస్క్. ఆన్ చేయగానే పాతిక ప్రోగ్రాములు ఒకేసారి తమ తమ ఫైళ్లు కావాలని అడిగితే, చదివే ముల్లు పళ్లెం మీద అటూ ఇటూ పరుగెత్తడంలోనే సమయమంతా పోతుంది. ఖాళీగా ఉన్న ర్యామ్‌కు మరో ఎనిమిది జీబీ జోడించినా ఆ పరుగు తగ్గేది కాదు.

కొన్ని పేర్లు చూసి బెదిరిపోనక్కర లేదు. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ పక్కన 95 అని కనిపిస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉందని అర్థం. ఎస్‌వీసీహోస్ట్ డజన్ల కొద్దీ కనిపించడం వైరస్ లక్షణం కాదు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, మూడున్నర జీబీకి మించి ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలా సర్వీసులను వేటికవి విడివిడిగా నడుపుతున్నారు, ఒకటి కూలినా మిగతావి కూలకుండా ఉండడానికి.

ఇక ఆటోరన్స్. నడుస్తున్నవాటిని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చూపిస్తే, వాటంతట అవి మొదలయ్యే ఏర్పాటు ఎక్కడెక్కడ ఉందో ఆటోరన్స్ చూపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో మాకు తొమ్మిది పేర్లు ఉంటే, ఇందులో లాగిన్, షెడ్యూల్డ్ టాస్క్‌లు, సర్వీసులు, డ్రైవర్లు (కంప్యూటర్ భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) అంటూ వందల వరుసలు వచ్చాయి. మొదటిసారి చూస్తే గుండె జారుతుంది. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచే వీలు ఉంది, ముందు అది ఎంచుకోండి. మా జాబితా వెంటనే ఒక్క తెరకు సరిపోయేంత చిన్నదైంది. పసుపు రంగు వరుస అంటే ఏర్పాటు మిగిలింది కానీ ఫైలు లేదని అర్థం. గులాబీ రంగు వరుసకు, దాన్ని తయారుచేసింది ఎవరో రుజువు చేసే డిజిటల్ సంతకం దొరకలేదని అర్థం, అంతమాత్రాన అది దొంగ ప్రోగ్రాం అయిపోదు. ఎడమవైపు గడిలో టిక్కు తీసేస్తే ఆ ఏర్పాటు పక్కకు పెట్టబడుతుంది, మళ్లీ టిక్కు పెడితే యథాస్థానానికి వస్తుంది. డిలీట్ నొక్కితే మాత్రం తిరిగి రాదు. ఈ ఏడాదిలో నేను డిలీట్ ఒక్కసారి కూడా వాడలేదు, ఇతరులకూ అదే చెబుతాను.

ఆ జాగ్రత్త విలువ నాకు తెలిసి వచ్చిన రోజు ఒకటుంది. ప్రింటర్ టిక్కు తీసేసిన ఉత్సాహంలో, పేరు అర్థం కాని మరో నాలుగు సర్వీసుల టిక్కులు కూడా ఒకేసారి తీసేశాను. మర్నాడు ఉదయం ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుకు కూర్చుని, "నాన్నా, హెడ్‌ఫోన్స్‌లో మాట రావడం లేదు" అంది. ఆ నాలుగింటిలో ఒకటి సౌండ్ చిప్‌కు సంబంధించినది. టిక్కు పెట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసేసరికి క్లాసు సగం అయిపోయింది. అప్పటి నుంచి రోజుకు ఒక్క టిక్కే తీస్తున్నాను, తీసినది నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. యాంటీవైరస్, డ్రైవర్లు, అప్‌డేట్లకు సంబంధించిన వాటిని అసలు ముట్టుకోవడం లేదు.

ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో నాకు బాగా నచ్చినది సస్పెండ్. పరీక్ష రాసే గంటలో ఫోటోల బ్యాకప్ నెట్‌ను తినేస్తుంటే, దాన్ని చంపకుండా నిలిపి ఉంచి, పరీక్ష అయ్యాక రెజ్యూమ్ నొక్కవచ్చు. అనుమానం ఉన్న ఫైలును, చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్‌తో పోల్చి చూసే సదుపాయం కూడా ఉంది. మామూలుగా ఫైలు బదులు దాని హ్యాష్ (ఫైలు వేలిముద్రలాంటి సంఖ్య) మాత్రమే అక్కడికి వెళుతుంది. తెలియని ఫైళ్లను పూర్తిగా పంపే మరో ఎంపిక ఉంది, ఇంటి కంప్యూటర్‌లో దాన్ని ఆన్ చేయకపోవడమే మేలు.

లోపాలూ ఉన్నాయి. తెలుగు లేదు, అంతా ఇంగ్లిషే. అక్షరాలు చిన్నవి. మా మామగారు కళ్లజోడు సవరించుకుని రెండు నిమిషాలు చూసి, నాకే వదిలేశారు. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఈ ప్రోగ్రాములు ఒక్క ముక్క కూడా చెప్పవు, పేరు పట్టుకుని మనమే ఆరా తీయాలి. పాత కంప్యూటర్‌లో సెకనుకు ఒకసారి తాజా వివరాలు తెచ్చుకునే క్రమంలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ కూడా కొంత ప్రాసెసర్‌ను వాడుకుంటుంది. వ్యూ మెనూలో ఆ వ్యవధిని ఐదు సెకన్లకు పెంచుకుంటే సరిపోతుంది. ఒక్క బటన్‌తో కంప్యూటర్‌ను పరుగెత్తిస్తామనే క్లీనర్లకు అలవాటు పడిన వారికి ఇవి విసుగు తెప్పిస్తాయి. నా మటుకు, నాకు చెప్పకుండా ఏదో తీసేసే ఆ బటన్ కంటే, వివరం చూపించి నిర్ణయం నాకు వదిలే ఈ పద్ధతే నయం. పైగా ఆ క్లీనర్లలో చాలావరకు తామే స్టార్టప్‌లో చేరి కూర్చుంటాయి.

టిక్కులు తీసిన తర్వాత నాలుగు నిమిషాలు రెండున్నర నిమిషాలకు తగ్గాయి, ఫ్యాన్ హోరు ఆగింది. మిగతా ఆలస్యం హార్డ్ డిస్క్‌దేనని అప్పటికి స్పష్టంగా తెలుసు కాబట్టి, ర్యామ్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో, తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీ వేయించాను. ఇప్పుడు అర నిమిషం కూడా పట్టడం లేదు.

ఆటోరన్స్‌లో జాబితాను ఫైలుగా దాచుకుని, తర్వాత కంపేర్ నొక్కితే కొత్తగా చేరినవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ పని చేస్తున్నాను. పోయిన నెల ఒకే ఒక్క ఆకుపచ్చ వరుస వచ్చింది. మా అమ్మాయిని పిలిచి చూపిస్తే, క్లాసు కోసం తనే పెట్టుకున్నానని చెప్పి, దానంతట అది మొదలవ్వక్కర్లేదంటూ టిక్కు తనే తీసేసింది.