గడ్డకు సూది పరీక్షా, బయాప్సీనా: ఏది మేలు?

మెడలోనో రొమ్ములోనో గడ్డ చేతికి తగిలితే డాక్టర్లు సాధారణంగా రాసేది రెండు పరీక్షల్లో ఒకటి. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే సన్నని సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు లాగి మైక్రోస్కోపు కింద చూడటం. బయాప్సీలో లావు సూదితోనో కోతతోనో కణజాలం ముక్కే తీస్తారు. ముక్క పెద్దది కాబట్టి బయాప్సీయే ఎప్పుడూ మేలని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. గడ్డ ఎక్కడుంది, దాని గురించి ఏం తెలియాలి అన్న రెండూ తేలాకే ఎంపిక.

సూది పరీక్షకు చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. లాగిన చుక్కను గాజు పలక మీద వేసి, మరో పలకతో పల్చగా పరుస్తారు. కొన్ని పలకలను గాలికి ఆరబెట్టి గీమ్సా రకం రంగులు వేస్తారు. కొన్నిటిని తడి ఆరకముందే ఆల్కహాలులో ముంచి పాపనికొలావ్ రంగు వేస్తారు. ముంచడంలో కాస్త ఆలస్యమైనా కణాలు ఎండిపోతాయి, కేంద్రకాలు ఉబ్బి వివరాలు చెరిగిపోతాయి. చేసే చేతికి అనుభవం లేకపోతే ఎంత గొప్ప పాథాలజిస్టయినా ఏమీ చెప్పలేరు. అన్నీ కుదిరితే ఫలితం అదే రోజు కూడా రావచ్చు. బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో నానాలి, మైనంలో బిగియాలి, 3 నుంచి 5 మైక్రాన్ల మందాన పొరలుగా తెగాలి. దానికి రోజులు పడుతుంది.

థైరాయిడ్ గడ్డకైతే ముందు సూదే. పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్‌ను కణాల కేంద్రకాలే పట్టిస్తాయి: పాలిపోయిన రంగు, పొడవునా గాడి, కొన్నిటి లోపల గుండ్రని ఖాళీ. ఫలితాన్ని బెథెస్డా అనే రిపోర్టు పద్ధతిలో 6 తరగతుల్లో ఒకటిగా రాస్తారు. ఫాలిక్యులర్ అనే మరో రకం థైరాయిడ్ గడ్డ దగ్గర మాత్రం సూది చేతులెత్తేస్తుంది. అక్కడ క్యాన్సరా కాదా అన్నది కణాల రూపాన్ని బట్టి తేలదు. అవి గడ్డ చుట్టూ ఉన్న పొరనో రక్తనాళాన్నో చీల్చుకుని పోయాయా అన్నదాన్ని బట్టి తేలుతుంది. విడి కణాల్లో ఆ పొర ఉండదు. లావు సూది ముక్కలోనూ పొర మొత్తం రాదు. గడ్డ ఉన్న భాగాన్ని ఆపరేషన్‌తో తీసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

రొమ్ము గడ్డకు మాత్రం నిస్సందేహంగా కోర్ బయాప్సీ, అంటే లావు సూది. క్యాన్సర్ ఉందని కణాలు చెప్పగలవు గానీ, అది పాలనాళంలోనే ఉందా, గోడ దాటి పాకిందా అన్నది ముక్కలోనే కనిపిస్తుంది. క్యాన్సర్ కణాల మీద హార్మోన్లను అందుకునే గ్రాహకాలు (ఈఆర్, పీఆర్), హెర్‌2 అనే ప్రోటీన్ ఉన్నాయా అని చూసే పరీక్షలకూ ముక్కే నమ్మకం. మందుల ఎంపిక వాటి మీదే ఆధారపడుతుంది.

మెడలో లింఫ్ గ్రంథి వాచి క్షయ అనుమానం ఉంటే సూదితో మొదలుపెట్టడం మంచిది. లాగిన దాంట్లోంచే క్షయ క్రిములకు రంగు పరీక్ష, జీన్ పరీక్ష చేయవచ్చు. లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్, అనుమానమైతే వీలైనంత వరకు గ్రంథిని మొత్తంగా తీయించాలి. దాని రకం తేలాలంటే కణాల అమరిక చెదరకుండా కనిపించాలి.

సూది రిపోర్టులో ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని అనుకోకండి. సూది పక్కకు తగిలి ఉండవచ్చు. గడ్డ గట్టిగా ఉండి, స్కానింగ్‌లోనూ అనుమానం కనిపిస్తే, ‘బయాప్సీ చేయించమంటారా?’ అని డాక్టరును అదే రోజు అడగండి.