సింక్ సౌండా, డబ్బింగా? స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌కి ఏది మేలు?

షూటింగ్‌లోనే నటుల మాటల్ని రికార్డు చేసి వాడుకుంటే సింక్ సౌండ్, తర్వాత మళ్లీ చెప్పించి అతికిస్తే డబ్బింగ్. మా షార్ట్ ఫిల్మ్ నిడివి 11 నిమిషాలు. షూటింగ్ 4 రోజుల్లో అయిపోయింది. డబ్బింగ్ పూర్తయ్యేసరికి 50 రోజులు దాటింది. ఇలా అవుతుందని తెలిసి ఉంటే మొదట్లో రెండు సాయంత్రాలు కెమెరా గురించి కొట్టుకునేవాళ్లం కాదు.

మేం ఆరుగురం. డీఎస్ఎల్ఆర్ కెమెరా ఎక్కడి నుంచైనా అడిగి తేవాలని ముగ్గురు, ఫోన్ చాలని ముగ్గురు. సౌండ్ మాట ఎవరైనా ఎత్తితే "అది డబ్బింగ్‌లో చూసుకుందాంలేరా" అనేవాళ్లం, నాతో సహా.

ముందు ఆ కెమెరా గొడవ తేల్చేస్తాను. చేతిలో ఉన్న ఫోనే మేలు. అమెరికన్ డైరెక్టర్ షాన్ బేకర్ 2015లో విడుదలైన 'టాంజరీన్'ని ఐఫోన్ 5ఎస్‌లతో తీశాడని మావాళ్లు పదేపదే చెప్పేవాళ్లు. నిజమే. కానీ ఆ సినిమాకి సౌండ్ ఫోన్‌తో రికార్డు చేయలేదు, దానికి వేరే మనుషులు, వేరే మైకులు ఉన్నాయి. ఆ సగం ఎవరూ చెప్పరు. ఫోన్‌తో ఒక జాగ్రత్త అవసరం. మామూలు కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి తీసే బొమ్మల సంఖ్య, నిలకడగా ఉండకపోవచ్చు. ముఖ్యంగా వెలుతురు తగ్గితే అదీ తగ్గుతుంది. అప్పుడు విడిగా రికార్డు చేసిన సౌండ్ టేక్ మొదట్లో సరిగ్గానే ఉండి, పోనుపోను పక్కకి జారుతుంది. ఫ్రేమ్ రేట్‌ని 24కో 25కో లాక్ చేసే యాప్ పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ఇక అసలు విషయం. డబ్బింగ్ వైపు మొగ్గడానికి కారణాలు లేకపోలేదు. షూటింగ్‌లో పక్కింటి కుక్క మొరిగినా ఫర్వాలేదు. టేక్ నడుస్తుండగానే డైరెక్టర్ "కొంచెం ఎడమకి జరుగు, ఇప్పుడు చూడు" అని అరవొచ్చు. డైలాగ్ నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు. వినడానికి అన్నీ సుఖంగానే ఉంటాయి.

ఆ మార్చుకోవడం దగ్గరే మాకు దెబ్బ తగిలింది. ఒక సీన్‌లో అమ్మాయి "మా నాన్నకి చెప్పకు" అంటుంది. ఎడిటింగ్‌లో నాన్న పాత్రే ఎగిరిపోయింది. సరే, "ఇంట్లో చెప్పకు" అని డబ్బింగ్ చెప్పిద్దాం అనుకున్నాం. తీరా చూస్తే క్లోజప్‌లో పెదాలు కలుసుకుని 'మా' అని విచ్చుకుంటున్నాయి, వినిపించేదేమో 'ఇంట్లో'. చిన్నప్పుడు వ్యాకరణంలో ఓష్ఠ్యాలని చదువుకున్నాం కదా, ప ఫ బ భ మ. డబ్బింగ్‌లో దొంగని పట్టించేవి ఈ ఐదే. మిగతా అక్షరాలు కాస్త అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది కానీ మూసుకున్న పెదాల్ని మాత్రం క్షమించదు. మాట మార్చాలంటే పెదాలు కలిసే చోట మళ్లీ ఓష్ఠ్యమే పడాలి. "మనింట్లో చెప్పకు" అని రాసేసరికి ఒక రాత్రి గడిచింది.

దానికన్నా పెద్ద చిక్కు మనుషులు దొరకడం. షూటింగ్ నాలుగు రోజులూ అందరూ ఉన్నారు. తర్వాత ఒకరికి పరీక్షలు, ఒకరికి ఇంటర్న్‌షిప్, ఒకరికి జలుబు. జలుబు గొంతుతో చెప్పిన డబ్బింగ్ ఒక సీన్‌లో అలాగే ఉండిపోయింది. పైగా షూటింగ్‌లో గైడ్ ట్రాక్, అంటే డబ్బింగప్పుడు విని అనుసరించడానికి రికార్డు చేసుకునే సౌండ్, కూడా సరిగ్గా పెట్టుకోలేదు. నటులు ఆ రోజు సరిగ్గా ఏమన్నారో పెదాలు చూసి ఊహించాల్సి వచ్చింది. నిజంగా ఏడ్చిన అమ్మాయిని నెల తర్వాత దుప్పటి కప్పిన గదిలో కూర్చోబెట్టి మళ్లీ ఏడవమంటే, నవ్వొచ్చింది తనకి. తప్పు తనది కాదు.

నన్నడిగితే స్టూడెంట్ సినిమాకి అసలు బడ్జెట్ డబ్బు కాదు, అందరూ ఒకచోట ఉండే గంటలు. డబ్బింగంటే ఆ గంటల్ని అప్పు చేయడమే. సింక్ సౌండ్ ఆ రోజు బాకీ ఆ రోజే తీర్చేస్తుంది. నా ఓటు సింక్ సౌండ్‌కే.

అయితే దానికి ఒక మనిషిని పూర్తిగా వదులుకోవాలి. "క్లాప్ కొట్టేవాడే సౌండ్ కూడా చూస్తాడు" అంటే కుదరదు. అతను హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చోవాలి, "ఈ టేక్ పనికిరాదు" అనే హక్కు అతనికి ఉండాలి. ఖరీదైన మైక్ లేకపోయినా నడుస్తుంది. కాలర్ మైక్ తగిలించిన రెండో ఫోన్‌ని నటుడి జేబులో పెట్టొచ్చు. మైక్ ఎంత మంచిదన్నదానికంటే నోటికి ఎంత దగ్గరుందన్నదే ముఖ్యం. దూరం రెట్టింపైతే నేరుగా అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో ప్రతిధ్వని మాత్రం ఉన్నంతా ఉంటుంది. బావిలో మాట్లాడినట్టు వినిపించేది అందుకే. రికార్డింగ్ శాంపిల్ రేట్ (యాప్ సెట్టింగ్స్‌లో ఉంటుంది) 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, గొంతు గట్టిగా ఉన్నచోట మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే, అకస్మాత్తుగా కాస్త అరిచినా సౌండ్ పగలదు.

ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. ఆపిన ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా బండి తాళం అందులోనే పెట్టేయమంటారు సౌండ్ వాళ్లు. తాళం లేకుండా ఎవరూ ఇంటికి పోలేరు కదా! సీన్ అయ్యాక అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఓ 30 సెకన్లు ఖాళీ గది సౌండ్ కూడా పట్టుకోవాలి. కట్‌కీ కట్‌కీ మధ్య అతుకులు కప్పేది అదే. ఆ అర నిమిషం ఎవరికో ఒకరికి నవ్వు ఆగదు, మళ్లీ మొదలుపెట్టాలి.

ఒక్క డైరెక్టరా, అందరూ డైరెక్టర్లేనా అన్నది కూడా ఈ గంటల లెక్కలోకే వస్తుంది. మేం రోజుకొకరు డైరెక్ట్ చేద్దామనుకున్నాం, ఎవరూ నొచ్చుకోకూడదని. మొదటి రోజు తలుపు తీసే షాట్‌కి ఆరుగురూ మార్చి మార్చి "ఇంకోటి తీద్దాం" అన్నారు. 14 టేకులయ్యాయి, చివరికి సినిమాలో ఉన్నది మూడోది. రెండో రోజు డైరెక్టర్ నిన్నటి సీన్‌లో మిగిలిన షాట్లని, మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఉన్నట్టు ఊహించుకునే గీతకి అవతలి వైపు నుంచి తీశాడు. ఎడిట్‌లో చూస్తే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన ఇద్దరూ ఒకే వైపుకి చూస్తున్నారు! స్క్రిప్ట్ దగ్గర ఎంతమందైనా పోట్లాడుకోవచ్చు, లొకేషన్‌లో మాత్రం ఒక్క గొంతే ఉండాలి. నొచ్చుకునేవాళ్లు కాసేపు నొచ్చుకోనీ.

సింక్ సౌండ్ చేతులెత్తేసే చోట్లు ఉంటాయి, అది ఒప్పుకోవాలి. గాలి హోరు, ట్రాఫిక్, బండి మీద వెళ్తూ మాట్లాడే సీన్లు. అక్కడ కూడా నెల తర్వాత డబ్బింగ్ వద్దు. షాట్ ఓకే కాగానే నటుల్ని పక్కకి తీసుకెళ్లి అవే డైలాగులు రెండు మూడుసార్లు చెప్పించాలి. వైల్డ్ లైన్స్ అంటారు వీటిని. మేం ఒకే ఒక్కసారి ఆ పని చేశాం, అదీ అనుకోకుండా. రోడ్డు మీద పరిగెత్తి వచ్చి మాట్లాడే సీన్ తర్వాత, ఆగి ఉన్న కారులో అద్దాలెత్తేసి ఇద్దరితో డైలాగులు చెప్పించాం. వాళ్ల ఆయాసం ఇంకా తగ్గలేదు. ఆ ఒక్క సీన్‌లో మాత్రం మాట ఎక్కడ అతికించామో ఇప్పుడు వెతికినా నాకు దొరకదు.