తమ్మునికి హెల్త్ పాలసీ, ఒకసారి చెయ్యి కాల్చుకున్నాక తీసుకున్నది

మాది అనంతపురం, తమ్ముడు బెంగళూరులో ఇంజనీరింగ్ సెకండియర్, 19 ఏళ్లు. పోయిన వానాకాలం వానికి డెంగీ వచ్చి నాలుగు రోజులు అడ్మిట్ అయినాడు. ఇంట్లో అందరికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఉంది కదా, ఇంగేం భయం అని కార్డు పట్టుకోని ధీమాగా పోయినా. బిల్లు 87 వేలు అయితే కంపెనీ ఇచ్చింది 62,600.

పాత పాలసీలో గది అద్దె రోజుకు 5 లక్షల్లో 1 శాతం, అంటే 5 వేలే అని ఒక మూల రాసుంది, ఆరేళ్లుగా ప్రీమియం కడుతున్నా నేను దాన్ని చదివితే ఒట్టు. ఆ రాత్రి మా అమ్మేమో "దుడ్ల మొగం చూడొద్దు నాయనా, వానికి మంచి గది ఇప్పించు" అంటే 8 వేల గది తీసుకున్నాం. రోజుకు 3 వేలు మన చేతి నుంచి, మొత్తం 12 వేలు పోతాయిలే అనుకున్నా. అట్ల కాదంట, గదికి ఏ లెక్కన కోస్తారో డాక్టర్ విజిట్లకు, నర్సింగుకు కూడా అదే లెక్కంట, 24 వేలకు 15 వేలే ఇచ్చినారు. మందులకు, టెస్టులకు ఆ కోత లేదు కాబట్టి బతికిపోయినాం. గ్లవుజులు, సిరంజీలు అని ఇంకో 3,400 మామీదే పడింది.

అందుకే వానికి విడిగా 10 లక్షలది తీసుకున్నా, ఫ్లోటర్లో ఎట్లాగూ చాలా కంపెనీలు పిల్లల్ని 25 ఏళ్ల దాకే ఉంచుకుంటాయి. ఏ కంపెనీ అనేది చెప్పను, ఏజెంట్ మాకు తెలిసినోడే. ఆయన కార్డు చూపిస్తే కంపెనీయే బిల్లు కట్టే ఆసుపత్రుల లిస్టు కాగితం తీసి అనంతపురం, కర్నూలు ఆసుపత్రులకు పెన్నుతో గీతలు కొడుతాంటే "అన్నా, జొరమొచ్చేది వానికి, వాడుండేది ఈడ కాదు" అన్నా. ఫోన్లో హాస్టల్ పిన్‌కోడ్ కొట్టి చూస్తే ఆటోలో పది నిమిషాల్లో చేరేవి మూడు వచ్చినాయి, అప్పుడు ఒప్పుకున్నా. ఊరికి దూరంగా చదివే పిల్లలున్నోళ్లు ముందు చూడాల్సింది ఇదే, ప్రీమియం తర్వాత చూడొచ్చు.

ఫారం నింపేటప్పుడు ఇంకో గొడవ. వానికి చిన్నప్పటి నుంచి ఆయాసం, ఇన్‌హేలర్ వాడతాడు. ఏజెంటన్న "రాయొద్దులేప్పా, రేటు పెరుగుతాది" అంటాడు, నేను రాయాల్సిందే అని పట్టుబట్టినా. రేపు క్లెయిమ్ రోజు పాత చీటీ ఒకటి బయటపడితే పాలసీయే పోతుంది. రాసినందుకు ఆయాసానికి మూడేళ్లు వెయిటింగ్, అంటే అందాకా దానికి క్లెయిమ్ లేదని పెట్టినారు, పెట్టనీ, 22కే అయిపోతుంది కదా.

కట్టింది 7,800. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇట్లా సొంతంగా తీసుకునే పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేసినారు, లేకుంటే ఇంకో 1,400 పడేది. సింగిల్ ప్రైవేట్ గదికి లిమిట్ లేదు. పాలసీ చేతికొచ్చినాక 30 రోజుల్లోపు చదువుకోని నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, ఈసారి మొత్తం చదివినా, రెండు రాత్రులు పట్టింది.

పద్దెనిమిదో రోజు మావోడు క్రికెట్ ఆడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మొదటి 30 రోజులు జబ్బులకు క్లెయిమ్ ఉండదు గానీ యాక్సిడెంట్‌కు ఆ రూలు లేదు, ప్లేటు వేయడానికి గంటలోపే అప్రూవల్ వచ్చింది. డిశ్చార్జి రోజు మాత్రం నరకం చూపించినారు. కంపెనీ మూడు గంటల్లో తేల్చాలని 2024 నుంచి రూలుంది, మేం పదకొండింటి నుంచి సాయంత్రం అయిదున్నర దాకా బిల్లింగ్ కౌంటర్ ముందు కూర్చున్నాం, వీళ్లనడిగితే వాళ్లు, వాళ్లనడిగితే వీళ్లు. గ్లవుజుల గోలకు రైడర్, అంటే పాలసీకి తగిలించే ఎక్స్‌ట్రా కవర్, వేరే కొనాలంట, అదీ నచ్చలేదు. అయిదుకు మూడున్నర ఇస్తా.

వైట్ కార్డు ఉన్నోళ్లయితే ముందు ఎన్టీఆర్ వైద్యసేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, అందులో ఏముందో కనుక్కోండి, మాకు కార్డు లేదు కాబట్టి ఈ తిప్పలు.

ఇంకోటి, ఈ-కార్డు ఫోన్లో ఉందిలే అని వదిలేయొద్దు. విరిగిన చేత్తో ఆసుపత్రికి పోయిన రోజు మావోని ఫోన్ చార్జింగ్ లేక చచ్చింది, పాలసీ నంబర్ వాని ఫ్రెండు నాకు ఫోన్ చేసి రాసుకున్నాడు. మర్సటి వారం టవర్ క్లాక్ దగ్గర ప్రింటు తీసి లామినేషన్ చేయించి వాని పర్సులో పెట్టినా.