కాలేజీ మ్యాచ్‌లకు నేను వాడుతున్న ఈల: ఫాక్స్ 40 క్లాసిక్

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేస్తూ, పదకొండేళ్లు మండల, జోనల్ స్థాయి పాఠశాల ఫుట్‌బాల్ పోటీలకు రెఫరీగా ఉన్న నేను, రెండేళ్ల క్రితం కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని కాలేజీ మ్యాచ్‌లకు మారాను. ఆ మార్పులో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన వస్తువు ఈ ఈల.

హనుమకొండలో నా రెండో కాలేజీ మ్యాచ్ వానజల్లులోనే మొదలైంది. పెనాల్టీ ఏరియాలో ఒక అబ్బాయిని వెనుక నుంచి పడదోయడం స్పష్టంగా చూసి, అప్పటికి నా దగ్గరున్న పాత రకం గింజ ఈల ఊదాను. లోపలి గింజ ఉమ్మికీ వాననీటికీ తడిసి అతుక్కుపోవడంతో ఉత్త గాలే వచ్చింది. మళ్లీ ఊదేలోపు బంతి మైదానం మధ్యకు వెళ్లిపోయింది, రెండు జట్లూ నా చుట్టూ మూగాయి. బడిపిల్లలైతే చెయ్యెత్తగానే "సార్ ఆపమన్నారు" అని ఆగిపోతారు. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు ఈల వినిపిస్తేనే ఆగుతారు.

ఫాక్స్ 40 పుట్టుకకూ ఇలాంటి సంఘటనే కారణం. కెనడా బాస్కెట్‌బాల్ రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌కు 1984లో బ్రెజిల్‌లో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీల్లో గింజ ఇరుక్కుని ఈల మోగలేదు. ఆ తర్వాత ఆయన చక్ షెపర్డ్ అనే డిజైనర్‌తో కలిసి గింజ లేని ఈలను తయారు చేయించి 1987లో మార్కెట్‌లోకి తెచ్చారు. ఇందులో కదిలే భాగమే లేదు, మూడు గదుల్లోంచి గాలి పోయినప్పుడు శబ్దం పుడుతుంది. తడిసినా ఒక్కసారి గట్టిగా ఊదితే నీళ్లు బయటకు పోతాయి. కంపెనీ 115 డెసిబెల్స్ అని చెబుతుంది. కాజీపేటలో రైలు పట్టాల పక్క మైదానంలో గూడ్సు బండి హారన్ కొడుతున్నప్పుడు కూడా అవతలి గోల్‌కీపర్ తల తిప్పి చూశాడు కాబట్టి ఆ మాట నేను నమ్ముతాను.

అయితే ఈ ఈల నాకు నేర్పిన అసలు విషయం తక్కువగా ఊదడం. బడి ఆటల్లో త్రో ఇన్‌కూ, గోల్ కిక్‌కూ, కార్నర్‌కూ అన్నిటికీ ఊదే అలవాటు నాది. స్పష్టంగా కనబడే త్రో ఇన్‌కు ఈల అవసరం లేదనీ, అనవసరంగా ఊదితే అవసరమైనప్పుడు దాని విలువ తగ్గుతుందనీ ఫుట్‌బాల్ నియమావళే చెబుతోంది. ఫాక్స్ 40 ఎంత పదునుగా మోగుతుందంటే, ఊరికే ఊదితే మనకే ఇబ్బందిగా ఉంటుంది. ఇప్పుడు మామూలు ఫౌల్‌కు నాలుకతో గాలిని ఆపి ఒక చిన్న కూత, పెనాల్టీకి పొడవైన కూత ఊదుతున్నాను. మెడలో తాడుతో కాకుండా వేలికి తొడిగే పట్టీతో వాడడం మరీ మేలు: చెయ్యి నోటి దాకా లేచే ఆ క్షణంలో, ఫౌల్ జరిగినా బంతి దెబ్బతిన్న జట్టుకే దక్కుతోందా, అడ్వాంటేజ్ ఇవ్వవచ్చా, అంటే ఆట ఆపకుండా సాగనివ్వవచ్చా అని చూసుకునే వీలు కలుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. దీన్ని మోగించడానికి దమ్ము కావాలి, రెండో 45 నిమిషాలు ముగియబోయే వేళకు అలసిన రెఫరీకి కూత సన్నబడుతుంది. ఇండోర్ హాలులో చెవులు గింగురుమంటాయి. చిన్న పిల్లల ఆటకు ఇంత శబ్దం అక్కర లేదు, అందుకే మా బడిలో నేను ఇప్పటికీ పాతదే వాడతాను. మామూలు ఈలతో పోలిస్తే ధర చాలా ఎక్కువ. నేను మొదట కొన్నది నకిలీ అని ఆలస్యంగా తెలిసింది: అతుకు దగ్గర ప్లాస్టిక్ అంచు పెదవికి గీసుకునేది, కూత చీలిపోయేది. కొనేముందు అంచును వేలితో తడిమి, వీలైతే అక్కడే ఊది చూడండి. పళ్ల మధ్య పట్టుకునే చోట మెత్తటి తొడుగు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, తొంభై నిమిషాల ఆటలో పళ్లు నొప్పి పుట్టవు. నేను రెండు కొన్నాను, రెండోది ఎప్పుడూ పసుపు కార్డు పెట్టుకునే జేబులోనే ఉంటుంది.