పార్టు తయారవకముందే డబ్బు: మొత్తం కట్టాలా, అడ్వాన్స్ ఇవ్వాలా, స్టాకు వచ్చేదాకా ఆగాలా?

జిమ్నీ, థార్ లాంటి ఆఫ్‌రోడ్ బండ్లు కొన్నవాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. చిన్న తయారీదారు ఒకరు కొత్త స్కిడ్ ప్లేటో (బండి అడుగును కాపాడే రేకు), రాక్ స్లైడరో (తలుపుల కింద రాళ్ల దెబ్బ ఆపే పైపు), రూఫ్ ర్యాకో చేస్తున్నానని ప్రకటిస్తాడు. ఇప్పుడే మొత్తం కడితే పది శాతం తగ్గింపు, 45 రోజుల్లో డెలివరీ అంటాడు. మూడో నెల దాటాక కూడా "అన్నా, వచ్చే వారం డిస్పాచ్" అనే మెసేజే వస్తుంటుంది. మొత్తం కట్టి బుక్ చేసుకోవడం మేలా, కొంత అడ్వాన్స్ ఇవ్వడం మేలా, స్టాకులోకి వచ్చాకే కొనడం మేలా?

చాలామంది తగ్గింపు లెక్కతోనే తేల్చేస్తారు. 30,000 రూపాయల పార్టు మీద 3,000 మిగులుతాయి కదా అని. నా దృష్టిలో దాన్ని బట్టి తేల్చకూడదు. పార్టు తయారై బల్ల మీదికి వచ్చిన రోజున, దాన్ని మీకు పంపితే తయారీదారుకు డబ్బు వస్తుందా, చేతి నుంచి పోతుందా? అదే చూడాలి.

మొత్తం ముందే కట్టేశారనుకోండి. ఇక మీకు పార్టు పంపడమంటే అతనికి అట్టపెట్టె, ఫోమ్, రవాణా ఖర్చే. కొరియర్ వాళ్లు పెట్టె కొలతల్ని సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తారు. 90×60×15 పెట్టెకు 16.2 కిలోల ఛార్జీ పడుతుంది. అదే పార్టును ఇవాళ కొత్తగా ఫోన్ చేసినవాళ్లకు అమ్మితే 30,000 చేతికొస్తాయి, తర్వాతి లాటుకు షీటు కొనుక్కోవచ్చు. మోసం చేద్దామన్న ఉద్దేశమే లేకపోయినా, చేతిలో డబ్బు ఆడని నెలలో అతను ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. పూర్తిగా కట్టిన పాత ఆర్డర్లు వెనక్కి జరుగుతూ పోయేది ఇందుకే. 9,000 ఇచ్చి 21,000 బాకీ ఉంచితే లెక్క తిరగబడుతుంది. మీ పార్టు కదిలితేనే అతనికి ఆ 21,000 వస్తాయి. ఆ 3,000 తగ్గింపు కోసం మీరు వదులుకునేది ఈ పట్టునే.

ముప్పై శాతం అడ్వాన్స్ తయారీదారుకూ అన్యాయం కాదు. చిన్న యూనిట్లలో చాలావాటికి సొంత లేజర్ మెషిన్ ఉండదు. డ్రాయింగ్ తామే చేసుకుని కటింగ్‌ను బయటివాళ్లకు జాబ్‌వర్క్‌కు ఇస్తారు. హైదరాబాద్ వాళ్లయితే బాలానగర్‌కో జీడిమెట్లకో వెళ్తారు. 900×600 ఎంఎం ముక్కలు 8×4 అడుగుల షీటులో ఐదు పడతాయి. 3 ఎంఎం మైల్డ్ స్టీల్ షీటు ఒక్కోటి 70 కిలోలు. 20 ఆర్డర్లకు నాలుగు షీట్లు కావాలి. నగదు ముందే పెట్టాల్సింది షీటుకు, కటింగ్‌కు. వెల్డింగ్, కోటింగ్, ప్యాకింగ్ ఖర్చులు తర్వాత వస్తాయి. అడ్వాన్స్ ఉద్దేశమే ఆ మొదటి ఖర్చు.

ఆలస్యం మొదలయ్యేదీ ఇక్కడే. 12 ఆర్డర్లే వచ్చాయంటే మూడు షీట్లు కొని మూడు ముక్కల భారం తనే మోయాలి, లేదా ఇంకో ముగ్గురు చేరేదాకా ఆగాలి. "లాటు నిండలేదు" అని చెప్పలేక "ప్రొడక్షన్‌లో ఉంది" అంటారు. తర్వాతి ఇబ్బంది పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో పట్టించడం) దగ్గర. రంగు మార్చాలంటే బూత్, గన్ శుభ్రం చేయాలి కాబట్టి టెక్స్చర్డ్ బ్లాక్‌లో పన్నెండు ముక్కల కోసం ఎవరూ ఆ పని పెట్టుకోరు. అదే రంగులో పెద్ద లాటు వచ్చినప్పుడు కలిపి వేస్తారు. కోటింగ్‌కు ముందే బండికి పెట్టి చూసి సరే అనుకున్న లాటు కూడా ఇక్కడే దెబ్బతింటుంది. వెల్డ్ నట్లను మాస్క్ చేయకపోతే నట్టు లోపలి మరల (థ్రెడ్) మీద పొర పేరుకుని బోల్టు ఎక్కదు. ట్యాప్‌తో మళ్లీ మర తీయాలి. వెల్డింగ్ వేడికి బ్రాకెట్ 2–3 ఎంఎం పక్కకు లాగినా చాసిస్ రంధ్రంతో కలవదు. అప్పుడు గుండ్రటి రంధ్రాన్ని స్లాట్‌గా మార్చి కోయాలి.

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకటే అడగండి: కోటింగ్ అయిపోయిన పార్టును మీ వేరియంట్ బండికే బిగించిన ఫొటో. కంప్యూటర్ బొమ్మ సరిపోదు. కోటింగ్ లేని నమూనా కూడా సరిపోదు.

ఇదంతా షీటు, పైపు పార్టుల సంగతి. ఫెండర్ ఫ్లేర్లు (చక్రాల పైన అంచులు), గ్రిల్ వంటి ప్లాస్టిక్ పార్టులకైతే నా సలహా స్టాకు వచ్చేదాకా ఆగమనే. అడ్వాన్స్ కూడా వద్దు. మౌల్డ్ చేయించాక మొదటి నమూనాలు ఒకసారికే సరిగ్గా రావడం అరుదు. వంకర తిరుగుతాయి, మందంగా ఉన్నచోట గుంట పడతాయి. దిద్దడానికి మౌల్డ్ మళ్లీ టూల్‌రూమ్‌కు వెళ్లాలి. మధ్యలో మెటీరియల్ మార్చారంటే ఇంకా కష్టం. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ ఎండకు పాలిపోతోందని ఏఎస్‌ఏకు మారితే ఫర్వాలేదు, చల్లారాక రెండూ దాదాపు ఒకేలా కుదించుకుంటాయి. ఖర్చు తగ్గించడానికి పీపీకి (పాలీప్రొపిలీన్‌కు) మారితే కుదింపు అర శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా పోతుంది. మీటరు పొడవు ముక్కలో అది 10 ఎంఎం తేడా. క్లిప్పు రంధ్రాలు ఏవీ కలవవు.

అడ్వాన్స్ ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. వ్యక్తిగత నంబరుకు యూపీఐ చేస్తే తిరిగి రప్పించడం చాలా కష్టం. క్రెడిట్ కార్డు మేలు. ఆర్డర్ కాగితంలో డెలివరీ తేదీ ఉండి తీరాలి. సరుకు అందలేదని బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకునే చార్జ్‌బ్యాక్‌కు వీసా నిబంధనల్లో గడువు 120 రోజులు. తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. మొత్తం మీద కట్టిన రోజు నుంచి 540 రోజులు దాటకూడదు. "వచ్చే వారం" కబుర్లతో గడిచిపోయేది ఈ గడువే. జీఎస్టీ చట్టం ప్రకారం అడ్వాన్స్‌కు రసీదు వోచర్ ఇవ్వాలి, అది అడిగి తీసుకోండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే జీఎస్టీ నమోదు తప్పనిసరి కాబట్టి, పుణె నుంచో కోయంబత్తూరు నుంచో పంపేవాళ్లు "మాకు నంబరు లేదు" అంటే అక్కడే ఆగిపోండి. నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. రిటర్నులు ఎప్పుడు వేశారో అక్కడే కనిపిస్తుంది. ఆరు నెలలుగా ఖాళీగా ఉంటే డబ్బు పంపకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు రక్షణ ఇంకొంచెం గట్టిగా ఉంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, గడువు చెప్పని ఆర్డర్‌ను 30 రోజుల్లో పంపగలగాలి. ఆలస్యమైతే తెలియజేసి, రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలి. ఆలస్యం 30 రోజులు మించినా, కొత్త తేదీ చెప్పలేకపోయినా, మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. పేపాల్‌లో వివాదం తెరవడానికి 180 రోజులుంటాయి. కానీ గ్రూప్ బయ్ (పలువురు కలిసి కొనడం) పేరుతో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపమంటే ఒప్పుకోకండి. అలా పంపిన డబ్బుకు ఆ రక్షణ వర్తించదు.

ఇప్పటికే మొత్తం కట్టేసి ఎదురుచూస్తున్నవాళ్లు "ఎప్పుడొస్తుంది?" అని అడగడం మానేయండి. "ఏ దశలో ఉంది? లాటు మొత్తం ఫొటో పంపండి. ఫలానా తేదీకి డిస్పాచ్ కాకపోతే రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వండి" అని ఈమెయిల్‌లో రాయండి. ఒక్క ముక్క ఫొటో పంపితే లెక్కలోకి తీసుకోవద్దు, అది పాత నమూనా కావచ్చు. కోటింగ్ దశలో ఉందని ఫొటోలో కనిపిస్తే రెండు మూడు వారాలు ఆగడం నయం. షీటే కోయలేదంటే రద్దు చేయండి. ఆ తేదీ దాటితే కార్డు చార్జ్‌బ్యాక్‌కు, దానితోపాటు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు వెళ్లండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. తయారీదారు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

లోకల్ ఫ్యాబ్రికేషన్ సంగతి: ఆటోనగర్‌లో మంచి వెల్డర్ తెలిసుంటే రూఫ్ ర్యాక్‌కు అది చాలు. చాసిస్‌కు బిగించే రాక్ స్లైడర్‌కు మాత్రం జిగ్ (వెల్డింగ్‌లో ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే చట్రం) లేని చోట చేయించవద్దు. దిగుమతి పార్టులు రవాణా, సుంకం కలిపితే ఈ ధరలో రావు. సెకండ్‌హ్యాండ్ అయితే వెల్డ్ దగ్గర పగుళ్లు, వంగిన బ్రాకెట్లు చూసి తీసుకోవచ్చు.

బాకీ డబ్బు కట్టమని ఫోన్ వచ్చినప్పుడు, మీ ఆర్డర్ నంబరు రాసిన చీటీని పార్టు మీద పెట్టి తీసిన వీడియో అడగండి. బోల్టుల సంచి కూడా అందులో కనిపించాలి. ఎక్కువగా మరిచిపోయేది దాన్నే. చూశాక డబ్బు వెంటనే కట్టేయండి, డాకెట్ నంబరు (కొరియర్ ట్రాకింగ్ నంబరు) అదే రోజు ఇమ్మని అడగండి.