టూరుకు ఏ వాచీ కట్టుకోవాలి? ఏళ్ల తరబడి 5 వాచీలు తిప్పి చూశాక

అనంతపురం నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా వాచీకి పరీక్షే. ఇక్కడ మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటే వేడి. గుంతకల్లులో రైలెక్కి గోవాలో దిగితే ఉప్పుగాలి, ఇసుక. ఊటీ పోతే తెల్లవారుజామున వణికించే చలి. అలిపిరి నుంచి నడిచి కొండెక్కితే 3,550 మెట్లు, బెల్టు కింద ఆగకుండా చెమట. ఇంట్లో ఏడాది పొడుగునా తేడా రాకుండా నడిచిన వాచీ నాలుగు రోజుల ప్రయాణంలో మొరాయిస్తుందంటే, చాలాసార్లు కారణం ఒకటే: ఆ ప్రయాణానికి ఆ వాచీ పనికిరాదు.

నేను ఏళ్ల తరబడి తిప్పి చూసినవి ఇవి: క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ, క్యాసియో ఏఈ-1200, క్యాసియో డ్యూరో, సీకో 5లో ఎస్‌ఎన్‌కే809, హెచ్‌ఎంటీ జనతా. తీర్పు ముందే చెప్పేస్తాను. ఎంత పెద్ద టూరుకైనా రెండు చాలు. చేతికి ఉండేది నీళ్లలో మునిగినా, బస్సులో రాడ్డుకు కొట్టుకున్నా మనసు కలుక్కుమనకూడదు. సంచిలో ఉండేది అది ఆగిపోతే ఆదుకోవాలి, అంటే నెలల తరబడి ముట్టుకోకపోయినా సరైన టైము చూపించేదై ఉండాలి. కాబట్టి రెండింట్లో కనీసం ఒకటి సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీ కావాలి. ఫోను ఉండగా వాచీ ఎందుకంటారా, తిరుమలలో ఫోను డిపాజిట్ చేసి వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నాక టైము చెప్పేది చేతి వాచీయే.

కంపెనీ పేరు చూసే ముందు బెల్టు పిన్నులు చూడండి. ప్రయాణంలో వాచీ పోతుందంటే అందరికీ దొంగలే గుర్తొస్తారు. నా లెక్కలో మాత్రం మొదటి అనుమానం ఆ పిన్నుల మీదే. సన్నటి గొట్టం, దానిలో స్ప్రింగు, రెండు చివర్లా లోపలికి నొక్కుకునే మొనలు. అంతే దాని నిర్మాణం. చెమటలోని ఉప్పు చేరితే స్ప్రింగు తుప్పు పడుతుంది, మొన సగం లోపలే ఇరుక్కుపోతుంది. పైకి బిగుతుగానే కనిపిస్తుంది. మంత్రాలయంలో తుంగభద్రలోనో, శ్రీశైలం పాతాళగంగలోనో మునిగి లేచేటప్పుడు చిన్న లాగుడు చాలు, వాచీ నీళ్లపాలు. బయల్దేరడానికి వారం ముందు కేసును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని బెల్టును రెండో చేత్తో లాగండి, అటూ ఇటూ మెలితిప్పండి. రవ్వంత కదిలినా, కిర్రుమన్నా రెండు పిన్నులూ మార్పించండి. ఒక్కటే మార్పించడం దండగ, రెండూ ఒకే చెమట తాగినవే. కొలత తెలియాలంటే కేసుకు బెల్టు తగిలే రెండు కొమ్ముల మధ్య దూరం మిల్లీమీటర్లలో చూడాలి. ఎస్‌ఎన్‌కే809కూ జనతాకూ 18, డ్యూరోకు 22. జత పిన్నులు పర్సులో పడేసుకుంటే బరువేమీ కాదు.

ముళ్ల వాచీలకు నేను వాడేది నాటో రకం నైలాన్ పట్టీ. ఒకే పొడవు ముక్కగా కేసు వెనక నుంచి రెండు పిన్నుల కిందుగా పోతుంది. ఒక పిన్ను ఊడినా రెండోది పట్టుకుని ఉంటుంది, వాచీ చేతికే వేలాడుతుంది. తడిస్తే పిండి ఆరేయొచ్చు. తోలు బెల్టు మాత్రం మెట్ల దారికీ, బెలుం గుహలకూ వద్దు. బయట ఎండ పొడిగా ఉన్నా గుహ లోపల ఉక్క అంతా ఇంతా కాదు, తోలు చెమట పీల్చి వాసన పడుతుంది, కుట్లు వదులవుతాయి. చైను వాచీ అయితే ఇంకో సంగతి: ఎండలో నడిస్తే మణికట్టు ఉబ్బుతుంది. పొద్దున సరిగ్గా ఉన్న చైను మధ్యాహ్నానికి బిగుస్తుంది. చైనును మూసే క్లాస్పు పక్కన ఉండే చిన్న రంధ్రాల్లో పిన్నును ఒకటి జరిపితే రెండు మూడు మిల్లీమీటర్లు దొరుకుతాయి. దానికి విడదీసిన పేపర్ క్లిప్పు సరిపోతుంది. ప్లాస్టిక్ బెల్టులకు వయసే శత్రువు. బెల్టును వెనక్కి వంచి రంధ్రాల చుట్టూ, కేసులోకి పోయే మూలలో చూడండి. వెంట్రుకంత చీలిక కనిపించినా అది ఆ టూరులోనే తెగుతుందని అనుకోండి.

ఇక నీళ్లు. వెనక మూత మీద ఒట్టి ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే చేతులు కడుక్కోవడానికి, వాన చినుకులకు. 50 మీటర్లంటే పుష్కరిణిలో మునకకు పరవాలేదు. 100 మీటర్లంటే ఈత, సముద్రం. 200 రాసి ఉంటే మామూలు టూరులో నీళ్ల గురించి ఆలోచించక్కర్లేదు. ఆ అంకెలు కొత్త వాచీని కదలని నీటి ఒత్తిడిలో పెట్టి చూసినవి. తలకోన జలపాతం కింద నిలబడితే పైనుంచి పడే ధార దెబ్బ వేరు, అక్కడికి 50 మీటర్ల వాచీతో పోవద్దు. వేడి నీళ్ల స్నానం కూడా అలాంటిదే. వేడికి లోహం, రబ్బరు ఒకే తీరుగా సాగవు, సబ్బు నీటికి సందు దొరుకుతుంది. లాడ్జిలో గీజరు కింద నిలబడే ముందు వాచీ తీసేయడమే మేలు.

అసలు గండం సెల్లు మార్పించిన రోజున మొదలవుతుంది. మూత కింద సన్నటి రబ్బరు వాషరు ఉంటుంది. మూత తీసినప్పుడు అది గాడి తప్పినా, మెలిపడినా, దుమ్ము అంటినా 100 మీటర్లన్న రాత రాతగానే మిగులుతుంది. మా ఊరి గాలిలో దుమ్ముకు కొదవ లేదు గనుక, రోడ్డు పక్క బల్ల మీద, ఫ్యాను కింద మూత తెరవనివ్వకండి. వాషరుకు సిలికాన్ గ్రీజు పూయమని అడగండి, గాడిలో కూర్చుందో లేదో మీరూ చూడండి. నాలుగు స్క్రూల మూతైతే ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించాలి. వరసగా బిగిస్తే ఒక వైపు లేస్తుంది. ముళ్ల వాచీలో ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ సెల్లు ఉండాల్సిన చోట అదే సైజు చవక ఆల్కలైన్ సెల్లు వేయించుకోవద్దు, అది కారి మెషీను పాడు చేస్తుంది. సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతూ పోతుంటే చాలా వాచీల్లో సెల్లు అయిపోవచ్చిందన్న గుర్తు. టూరుకు ముందే మార్పించండి, ముందురోజు మాత్రం వద్దు. వారం రోజులు వాడి చూసే వ్యవధి ఉండాలి.

ఇప్పటికే లోపల తేమ చేరిందేమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. వాచీ 40 నుంచి 45 డిగ్రీల వెచ్చదనంలో పావుగంట ఉండాలి, ఇక్కడి వేసవి మధ్యాహ్నం వసారా గట్టు చాలు. తర్వాత అద్దం మీద ఒక్క చుక్క చన్నీళ్లు వేసి నిమిషం ఆగి తుడవండి. చుక్క ఉన్న చోట లోపలివైపు మసక కనిపించి, నెమ్మదిగా అంచుల నుంచి మధ్యకు కరిగిపోతుంటే లోపల తేమ ఉన్నట్టే. ఆ వాచీని విప్పించి ఆరబెట్టించాలి, గోవాకు తీసుకుపోకూడదు. ఈ పరీక్ష ఉన్న తేమను చూపిస్తుందే గానీ వాషరు గట్టిదని హామీ ఇవ్వదు.

వాచీల సంగతికొస్తే, ఎఫ్-91డబ్ల్యూ 1989లో వచ్చింది, ఇప్పటికీ అదే రూపం. బరువు 21 గ్రాములు, చేతికి ఉన్నట్టే తెలియదు. సీఆర్2016 సెల్లు దాదాపు 7 ఏళ్లు వస్తుంది. నెలకు 30 సెకన్ల లోపు తేడా. దీని మీద ఉన్నది ఒట్టి ‘వాటర్ రెసిస్ట్’ అన్న మాటే, అందుకే సముద్రంలోకి దింపను. లైటు బలహీనం, ఎడమ వైపు అంకెలే సరిగ్గా కనిపిస్తాయి. అలారం ఒక్కటే, రైలు చప్పుడులో గాఢంగా నిద్రపోయేవాళ్లకు వినిపించదు. గంట గంటకూ మోగే బీపును స్లీపర్ బస్సు ఎక్కే ముందే ఆపేయండి. కొనేటప్పుడు కుడి వైపు బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి, అసలుదైతే తెర మీద కంపెనీ పేరు వస్తుంది. సంచిలో ఉండే రెండో వాచీగా దీన్ని మించింది నాకు దొరకలేదు.

చేతికి కట్టేదానిగా నా మొదటి ఓటు ఏఈ-1200కు. 100 మీటర్లు, 10 ఏళ్ల సెల్లు, 5 అలారాలు, నాలుగు ఊళ్ల టైములు. ఈ చివరిది విదేశాలకు పోయేవాళ్లకు పెద్ద ఊరట. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయే కుటుంబాలకు రోజూ ఎదురయ్యే లెక్క ఇది: అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్ గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు, ముక్తినాథ్‌కని నేపాల్ పోతే పావుగంట ముందు. ఖరీదైన జీఎంటీ వాచీలో రెండో దేశం గంటల ముల్లు వేరే ఉంటుంది కానీ నిమిషాల ముల్లు ఒక్కటే. మనది 5 గంటల 30 నిమిషాల తేడా ఉన్న దేశం కాబట్టి ఆ అరగంటను అది చూపించలేదు, ప్రతిసారీ మనసులో కలుపుకోవాలి. డిజిటల్‌లో ఆ బాధ లేదు. వాచీలోని ఊళ్ల జాబితాలో కువైట్‌కు బదులు జెద్దా పెట్టుకుంటే సరి, రెండు చోట్లా ఒకే టైము. రేడియో సిగ్నల్‌తో తనంతట తానే టైము దిద్దుకుంటుందని చెప్పి అమ్మే వాచీల గురించి కూడా ఒక మాట: ఆ సిగ్నల్ స్తంభాలు జపాన్, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీలలో ఉన్నాయి, మన దేశంలో లేవు. ఇక్కడ అది మామూలు క్వార్ట్జే. సోలార్ కోసం కొంటే కొనండి, సిగ్నల్ కోసం వద్దు.

సముద్రానికి డ్యూరో. 200 మీటర్లు, కీ స్క్రూలా బిగుసుకుంటుంది. ఇందులో జరిగే పొరపాటు ఒక్కటే. టైము సరిచేశాక కీని లోపలికి నొక్కి వదిలేస్తారు, తిప్పి బిగించరు. అప్పుడు 200 అన్న అంకెకు విలువే లేదు. నొక్కి, ముందు రవ్వంత వెనక్కి తిప్పి మర పట్టుకున్నట్టు తెలిశాక ముందుకు బిగించాలి, ఎక్కువ బలం అక్కర్లేదు. కేసు 44 మిల్లీమీటర్లు, సన్నటి చేతికి పెద్దదే. పూర్తి చేతుల చొక్కా కఫ్ కింద ఇమడదు.

సీకో 5 నాకు చాలా ఇష్టమైన వాచీ, అయినా టూరుకు రెండో స్థానంలో కూడా పెట్టను. ఇది ఆటోమేటిక్. దీనిలోని 7ఎస్26 మెషీనుకు కీ ఇవ్వడం కుదరదు, చేతి కదలికే దానికి తిండి. విప్పి పెడితే 40 గంటల చుట్టుపక్కల ఆగిపోతుంది. మళ్లీ నడిపించడానికి 20, 30 సార్లు పక్కలకు ఊపాలి. తేదీ మార్చేటప్పుడు జాగ్రత్త: రాత్రి 9 నుంచి తెల్లవారి 4 మధ్య చక్రాలు పట్టుకుని ఉంటాయి, అప్పుడు బలవంతంగా మారిస్తే పళ్లు విరుగుతాయి. ముళ్లను ముందు ఆరున్నరకు తెచ్చి, తేదీ మార్చి, ఆ తర్వాత టైము పెట్టాలి. పైగా నీళ్లకు దీని హద్దు 30 మీటర్లే. ఒక్క వాచీనే కట్టుకుని పగలూ రాత్రీ తీయనివాళ్లయితే సంతోషంగా తీసుకుపోవచ్చు.

జనతా గురించి రాయడం కష్టం, ఎన్నో ఇళ్లలో అది నాన్నల, తాతల చేతి వాచీ. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన కర్మాగారం 2016లో మూతపడింది. 17 జువెల్స్ (మెషీను ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), పొద్దున్నే కీ ఇస్తే మర్నాటిదాకా నిశ్చింత. అయితే ఇప్పుడు దొరికే విడిభాగాలు పాత నిల్వలే. నీటికీ దుమ్ముకూ అడ్డుగా పెద్ద ఏర్పాటేమీ లేదు. దగ్గరి ఊళ్లో పెళ్లికి కట్టుకోండి, వారం రోజుల తీర్థయాత్రకు బీరువాలోనే ఉంచండి.

సంచిలో పెట్టే తీరు కూడా ముఖ్యమే. హ్యాండ్‌బ్యాగు మూత, ఇయర్‌ఫోన్ పెట్టె, ఫోను కవరు, అన్నింట్లోనూ అయస్కాంతాలే. క్వార్ట్జ్ ముళ్ల వాచీ అయస్కాంతం దగ్గర ఆగినా దూరం జరిపితే నడుస్తుంది. కీ వాచీ, ఆటోమేటిక్ అలా కాదు, లోపల టైమును అదుపులో ఉంచే సన్నటి హెయిర్‌స్ప్రింగుకు అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతాయి. అలా ఉన్నట్టుండి పరుగెడుతుంటే రిపేరు షాపులో అయస్కాంతం తీయించండి, నిమిషం పని. రెండో వాచీని పాత కళ్లద్దాల డబ్బాలో రుమాలు చుట్టి పెట్టడం నా పద్ధతి. కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఏ వాచీనీ వదలకండి, ఎండకు డిజిటల్ తెర నల్లబడుతుంది. చల్లబడితే తెర మామూలౌతుంది కానీ సెల్లుకు, వాషరుకు తగిలిన దెబ్బ బయటికి కనిపించదు. చలి ప్రదేశాల్లో అంకెలు మందగించి మారితే భయపడొద్దు, చొక్కా కిందికి జరిపితే సర్దుకుంటుంది.

సముద్రం నుంచి బయటికి రాగానే, కీ బిగించి ఉందో లేదో చూసి, చెంబుడు మంచినీళ్లలో వాచీని రెండు నిమిషాలు ముంచండి. నీళ్లలో బటన్లు నొక్కొద్దు. డ్యూరోలాంటిదైతే అద్దం చుట్టూ తిరిగే పై చట్రాన్ని నీళ్లలోనే రెండు చుట్లు తిప్పండి, ఇసుక దానికిందే దాక్కుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో పిన్నుల దగ్గర, మూత అంచున మెల్లగా రుద్ది, మళ్లీ తిప్పి చూడండి. చట్రం కింద కరకరమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా నీళ్లు మారుస్తూనే ఉండాలి.