కంపెనీ ట్రావెల్ కార్డు: డిస్ప్యూట్ వేస్తే డబ్బు వెనక్కొచ్చినట్టేనా?

ఆఫీసు ప్రయాణాల కోసం ఇచ్చిన చార్జ్ కార్డులో నాకు అన్నిటికన్నా నచ్చింది డిస్ప్యూట్ సౌకర్యమే, అంటే తప్పుగా పడిన చార్జీని ఒప్పుకోనని బ్యాంకుకు చెప్పే వీలు. స్టేట్‌మెంట్‌లో ఆ చార్జీ లైన్ మీద నొక్కి, కారణం ఎంచుకుని, కాగితాలు జతచేస్తే చాలు, సంగతి తేలేదాకా ఆ మొత్తాన్ని పక్కన పెడతారు. చార్జ్ కార్డు కాబట్టి మిగతా బిల్లంతా గడువులోగా కట్టాల్సిందే, కనీస మొత్తం కట్టి నెట్టుకురావడం కుదరదు. అలాంటి కార్డులో ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు. రెండుసార్లు పడిన టాక్సీ చార్జీ, ఇస్తామని ఇవ్వని టికెట్ రీఫండ్ లాంటివి సులువుగానే తేలిపోయాయి. కొత్తగా చేరినవాళ్లకు కూడా ధైర్యంగా చెప్పేదాన్ని.

హోటల్ నో-షో చార్జీ (గది బుక్ చేసి రాకపోతే వేసేది) వచ్చాక అంత ధైర్యంగా చెప్పలేకపోతున్నాను.

మీటింగ్ వాయిదా పడటంతో గది ముందే రద్దు చేశాను, రద్దు నంబరుతో మెయిల్ కూడా వచ్చింది. అయినా ఒక రాత్రి అద్దె కార్డు మీద వేశారు. స్టేట్‌మెంట్‌లో హోటల్ పేరుకు బదులు దాన్ని నడిపే సంస్థ పేరుంది, అదేమిటో పోల్చుకోవడానికే కాసేపు పట్టింది. (ఇలాంటప్పుడు కంగారుపడి ఫ్రాడ్ కింద పెట్టకండి. కార్డు బ్లాక్ చేసి కొత్తది పంపుతారు. ప్రయాణం మధ్యలో ఉంటే నరకమే.) రద్దు చేసిన బుకింగ్ అన్న కారణంతో డిస్ప్యూట్ వేశాను. కొద్దిరోజులకే క్రెడిట్ పడింది, ఎక్స్‌పెన్స్ రిపోర్టు క్లోజ్ అయింది.

చాలా వారాల తర్వాత అదే మొత్తం మళ్లీ డెబిట్ అయింది. అంతకుముందు పడింది తాత్కాలిక క్రెడిట్ మాత్రమే. రద్దు గడువు ముందురోజు సాయంత్రం ఆరు గంటలైతే, నేను అది దాటాక రద్దు చేశానని హోటల్ వాదించింది. నా మెయిల్ స్క్రీన్‌షాట్‌లో తెల్లవారుజాము సమయం కనిపిస్తోంది కదా, బ్యాంకు దాన్నే పట్టుకుంది. అది నేనున్న చోటి సమయం. హోటల్ ఉన్న చోట అప్పటికి ముందురోజు సాయంత్రం ఆరు ఇంకా కాలేదు!

ఈలోగా ఎక్స్‌పెన్స్ సిస్టమ్ ఆ డెబిట్‌ను కొత్త ఖర్చుగా తీసుకుని రసీదు అడగడం మొదలుపెట్టింది. నేను అడుగే పెట్టని గదికి రసీదు ఎక్కడినుంచి తేను? అకౌంట్స్‌వాళ్లకు మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి మెయిల్ హెడర్ (మెయిల్ వెనక ఉండే పంపిన సమయం లాంటి వివరాలు) తీసి, సమయం పక్కనుండే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేడాను, హోటల్ షరతుల్లో ‘స్థానిక సమయం’ అన్న చోటును గుర్తుపెట్టి పంపితే కేసు మళ్లీ తెరిచారు. డబ్బు వచ్చింది.

నాకు కోపం హోటల్ మీద కన్నా కార్డు యాప్ మీదే ఎక్కువ. క్రెడిట్ పక్కన ‘తాత్కాలికం’ అని ఒక్క మాట రాస్తే ఏం పోయింది? హోటల్ జవాబిచ్చిందని తెలిపే ఉత్తరం కూడా యాప్ ఇన్‌బాక్స్‌లో ఆఫర్ల మధ్య పడి ఉంది.

అయినా సొంత కార్డుకన్నా ఇదే నయమంటాను. కాకపోతే మా కంపెనీయే బిల్లు నేరుగా కడుతుంది కాబట్టి నేనింత నింపాదిగా రాస్తున్నాను. ముందు మీరు కట్టి తర్వాత తీసుకునే పద్ధతైతే ఆ టెన్షన్ వేరు. డిస్ప్యూట్‌కు చాలా కార్డుల్లో స్టేట్‌మెంట్ తేదీ నుంచి 60 రోజులే ఉంటాయి. కేసు మూసేశామన్న ఉత్తరం చేతికొచ్చేదాకా రద్దు మెయిల్ డిలీట్ చేయకండి.